వెనక నుంచి కొట్టిన పువ్వు

పెంబర్తి ఇత్తడి వస్తువు ఏదైనా చేతికొస్తే ముందు దాన్ని తిరగేసి చూడండి. దుకాణదారు కాస్త వింతగా చూస్తాడు, ధర చీటీ కోసం వెతుకుతున్నారనుకుంటాడు. అనుకోనివ్వండి. మెరుగు పెట్టిన ముఖం ఎవరినైనా మోసం చేయగలదు, వీపు చేయలేదు. చేతిపని అయితే వీపు నిండా సుత్తెదెబ్బల గుంటలుంటాయి, తొలకరి చినుకులు పడ్డ దుబ్బలాగా. ఏనుగు తొండం మెలిక తిరిగే చోట ఆ గుంటలు ఒకదాని మీదొకటి ఎక్కి ఇరుకిరుగ్గా ఉంటాయి, పొట్ట దగ్గరికొచ్చేసరికి తీరిగ్గా విడివిడిగా పడతాయి. మరలో అచ్చు నొక్కిన రేకుకు ఇలాంటి వీపు ఉండదు. ముందెంత నునుపో వెనకా అంతే నునుపు.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అంతకుముందు పెంబర్తివని నమ్మి కొన్న రెండు దీపాలు ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు తిరగేసి చూస్తే అవి ఏ ఊరివో చెప్పలేను.

హైదరాబాదు నుంచి వరంగల్ దారి పట్టి పోతే, జనగామ ఇంకా కాస్త దూరం ఉందనగా పెంబర్తి వస్తుంది. రైల్లో వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్–కాజీపేట లైను మీద అదే పేరుతో చిన్న స్టేషనుంది. ఊళ్లో విశ్వకర్మ కుటుంబాలు తరతరాలుగా ఇత్తడి, కంచు పని చేస్తున్నాయి. కాకతీయుల రోజుల్లో రథాలకూ గుళ్లకూ రేకులు తొడిగిన చేతులు తమవని ఊరు చెప్పుకుంటుంది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, దాంతో పాటే గుడిపనీ పలచబడింది. నిజాముల కాలానికి మళ్లీ పని దొరికింది గాని అడిగేవాళ్లు మారారు. పాన్‌దాన్లు కావాలన్నారు, అత్తరుదాన్లు కావాలన్నారు, వేలాడే దీపాలు, పూలకూజాలు కావాలన్నారు. కీర్తిముఖం కొట్టిన సుత్తే పాన్‌దాన్ మూత మీద తీగెలు అల్లింది. చరిత్ర రాసేవాళ్లు దీన్ని పునరుజ్జీవం అంటారు. నాకు అందులో కడుపు తెలివి కనిపిస్తుంది.

ఆ తెలివి సంగతి తర్వాత. ముందు పని చూద్దాం.

ఇత్తడిలో ఉండేవి రాగి, జింకు. కంచులో జింకుకు బదులు తగరం. కంచు పోతపోయడానికి మేలు, మోగడానికీ మేలు. రేకుగా సాగి పువ్వుగా ఉబ్బాలంటే ఇత్తడే కావాలి. అయితే ఆ సాగుడు కొద్దిసేపే. దెబ్బ తిన్నకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, మొండికేస్తుంది, ఆపైన పగులుతుంది. మొండికేసిన రేకును మళ్లీ దారికి తేవాలంటే కాల్చాలి. సన్నగా ఎర్రబారే దాకా కాల్చి చల్లారిస్తే పసిపిల్లలా మెత్తబడుతుంది. మళ్లీ కొడతారు, మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాలుస్తారు. ఒక్క తోరణం పూర్తయ్యేలోపు రేకు ఎన్నిసార్లు నిప్పు మొహం చూస్తుందో చూసేవాడు లెక్కపెట్టలేడు. రేకు ఎప్పుడు మొండికేస్తుందో చేసేవాడికి మాత్రం చేతిలోనే తెలిసిపోతుంది. సుత్తె కింద చప్పుడు మారుతుంది, చీరణం పట్టుకున్న వేళ్లకు ఎదురుదెబ్బ తగులుతుంది. ఇంకో నాలుగు దెబ్బలు ఆశపడితే అంతవరకూ చేసిన పనంతా ఒక పగులుతో పోతుంది.

ఇక రేకు కింద ఏముందన్నది సగం విద్య. ఇనుప దాగలి మీద పెట్టి కొడితే రేకు చదునవుతుందే తప్ప ఉబ్బదు. గాల్లో పెట్టి కొడితే చిరుగుతుంది. కిందున్నది దెబ్బకు లొంగాలి, లొంగుతూనే రేకును మోయాలి. అందుకే చెక్కపలక మీద లక్కముద్ద పరుస్తారు. గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్ద అది. గుగ్గిలం ఒక్కటే అయితే గాజులా పెళుసుగా విరుగుతుంది. ఇటుకపొడి దానికి ఒళ్లిస్తుంది, నూనె మెత్తదనమిస్తుంది. పాళ్లు రాసిపెట్టుకుంటే సరిపోదు. ఎండాకాలం ముద్ద దానంతటదే జావగారుతుంది, చలికాలం రాయవుతుంది. వంటింట్లో పాకం పట్టే అమ్మమ్మలకు తెలిసిన విద్యే ఇది, వేలికి అంటించి చూసుకునే విద్య.

బొమ్మ ముందు కాగితం మీద పుడుతుంది, అక్కడి నుంచి రేకు మీదికి దిగుతుంది. వెచ్చబెట్టిన రేకును లక్క మీద అతికించి, మొద్దు అంచు చీరణంతో గీతల వెంట నడుస్తారు. చీరణం అనగానే కోస్తుందనుకుంటాం. ఇది కోయదు, తొక్కుతుంది. లోహంలో రవ్వంతైనా పోదు, ఉన్నది ఉన్నచోటే కొంచెం కిందికి దిగుతుంది. రాతి శిల్పికీ ఇత్తడి పనివాడికీ అసలు తేడా ఇక్కడే. రాతివాడు అక్కర్లేనిదాన్ని తీసిపారేస్తాడు, ఇత్తడివాడికి పారేయడానికేమీ లేదు. ఇచ్చిన రేకంతా బొమ్మలోకి వచ్చి కూర్చోవాల్సిందే.

గీతలు దిగాక రేకును వేడిచేసి ఊడదీసి తిరగేస్తారు. ఇప్పుడు వెనక నుంచి గుండ్రటి మొన ఉన్న ఉలులతో కొట్టడం మొదలు. బుగ్గ ఉబ్బాలంటే బుగ్గ వెనక కొట్టాలి. కొట్టేవాడికి తాను చేస్తున్న ముఖం కనిపించదు, దాని గుంట మాత్రమే కనిపిస్తుంది. కుడి ఎడమవుతుంది, ఎత్తు లోతవుతుంది. అద్దంలో చూసి గడ్డం గీసుకోవడమే మనకు కష్టం. ఇక్కడ అద్దం కూడా లేదు, దేవుడి ముఖాన్ని లోపలి నుంచి బయటికి ఊహించుకుంటూ కొట్టాలి. తర్వాత మళ్లీ తిరగేసి, ఉబ్బిన గుల్లలను లక్కతో నింపి, ఈసారి ముందు నుంచి దిద్దుతారు. కనురెప్ప, కోర, హారం పూసలు, జూలు మీద వెంట్రుక వెంట్రుక.

మకర తోరణం నడినెత్తిన ఉండే కీర్తిముఖాన్ని దగ్గరగా చూడండి. గుడ్లు ఉరిమి, కోరలు చాచి, నోట్లోంచి తీగెలు కక్కుతుంటుంది. రేకుపనివాడికి పరీక్ష కళ్లూ కాదు, కోరలూ కాదు, ముక్కు. తోరణంలో అన్నిటికంటే ఎత్తుకు లేచేది అదే. రేకు ఎంత లేస్తే అంత సాగుతుంది, సాగినకొద్దీ పలచనవుతుంది, పలచబడ్డ చోటే చిరుగుతుంది. తెలివైన చేయి ముక్కును ముక్కు దగ్గరే లేపదు. చుట్టూ బుగ్గల నుంచీ నుదుటి నుంచీ లోహాన్ని కొద్దికొద్దిగా ముక్కు వైపు జరుపుకుంటూ వస్తుంది, పరుపు లోపలి దూదిని ఒక మూలకు తోసినట్టు. వీపు మీద గుంటలు ఏ దిక్కున వాలి ఉన్నాయో చూస్తే ఆ ప్రయాణమంతా తెలుస్తుంది. పని బాగా కుదిరిన ముక్కును బొటనవేలితో నొక్కండి. లోపలికి పోదు.

ఒకే రేకులో పట్టనంత పెద్ద పనికి అతుకులు తప్పవు. చిన్నవైతే వెలిగారం వేసి టంకం పెడతారు. తలుపుల మీదా గడపల మీదా వేసే తాపడానికి పలకలు పలకలుగా కొట్టి కొయ్య మీద మొలలతో బిగిస్తారు. తాపడం అన్న మాట నాకు ఇష్టం, ఒంటికి పట్టించిన చర్మంలా వినిపిస్తుంది. రెండు పలకలు కలిసే అంచును ముత్యాల వరస కింద దాచేస్తారు. మొల తల ఏ పువ్వు నడిబొడ్డు మీదో పడేలా ముందే బొమ్మలో చోటు పెట్టుకుంటారు. గుడి తలుపు ముందు నిలబడి అతుకెక్కడుందో వెతకడం నాకో ఆట. మంచి పనిలో ఎక్కువసార్లు నేనే ఓడిపోతాను.

తాపడం సొగసుకే కాదు. ధ్వజస్తంభమంటే లోపల ఉన్నది చెట్టు మాను. ఆరుబయట ఎండకూ వానకూ నిలబడాలి. తలుపుకు నూనె, పసుపు, తడిచేతులు, చెదలు. రేకు కొయ్యను కాపాడుతుంది, రేకు అరిగితే విప్పి కొత్తది వేస్తారు. ఉత్సవాలకు ఊరేగే వాహనాలు, పల్లకి, కవచాలు, ప్రభావళి, అన్నీ వాడకంలో అరిగేవే. అరిగినదాన్ని బాగుచేయడం మన ఆగమాల్లో జీర్ణోద్ధారణ అనే పుణ్యకార్యం. పెంబర్తికి అసలు మాన్యం ఇదేనని నా నమ్మకం. ఏ రాజూ రాసివ్వని మాన్యం. గుడి బతికున్నంతకాలం గుడిసామాను అరుగుతుంది, అరిగినంతకాలం సుత్తెకు కూలి దొరుకుతుంది. వారసత్వాన్ని కాపాడడం ఒకవైపు, దాని మీద నాలుగు డబ్బులు సంపాదించడం మరోవైపు అని త్రాసు పట్టుకుని కూర్చునే వాళ్లు ఈ ఊరొచ్చి ఒక పూట ఆ చప్పుడు వింటే బాగుంటుంది. రెండు పనులూ ఒకే దెబ్బతో అవుతున్నాయి.

మహబూబాబాద్ జిల్లా కొరవి వీరభద్రస్వామి గుడి చూడండి. తొలినాటి తెలుగు గద్యశాసనం ఒకటి కొరవిదే, భాష చదివేవాళ్లకు ఆ ఊరు అలా తెలుసు. మిగతావాళ్లకు వీరన్న జాతరతో తెలుసు, శివరాత్రికి జనం కిక్కిరుస్తారు. తెలంగాణ వస్తే మీసాలు చేయిస్తానన్న మొక్కు తీర్చుకోవడానికి 2017 శివరాత్రి నాడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అక్కడ బంగారు మీసాలు సమర్పించారు. వాదాలెన్నో నడిచాయి, అవి ఇక్కడ అనవసరం. బంగారం పెంబర్తి పనీ కాదు. నేను చూసేది ఆ అలవాటును. దేవుడికి కన్నో మీసమో కవచమో లోహంతో చేయించి ఇవ్వడం మన దగ్గర ముఖ్యమంత్రి నుంచి కూలిమనిషి దాకా ఉన్న అలవాటు. మొక్కున్నచోట చేతిపనికి గిరాకీ ఉంటుంది. ఏ పర్యాటక ప్రణాళికా ఇంత నమ్మకమైన గిరాకీ పుట్టించలేదు.

అయితే ఈ గిరాకీకి రెండు చీడలున్నాయి. ఒకటి కిలో లెక్క. ఇత్తడి పనిని తూకం వేసి ధర కట్టే అలవాటు మనకు బిందెల నాటి నుంచీ ఉంది. బిందెకు అది న్యాయమే. నగిషీకి అన్యాయం. పని ఎక్కువైనకొద్దీ రేకు బరువు పెరగదు, దెబ్బలు పెరుగుతాయి. దెబ్బలకు త్రాసులో రాయి లేదు. కిలో లెక్కన కొనేవాడు తనకు తెలియకుండానే మందం రేకునూ బోడి పనినీ కోరుకుంటున్నాడు.

రెండోది షీల్డు. తెలుగునాట సభ జరిగితే శాలువా, దండ, ఇత్తడి షీల్డు. కాకతీయ తోరణమో చార్మినారో చెక్కపలక మీద బిగించి, కింద పేరు రాసి, చప్పట్ల మధ్య ఇస్తారు. మర్నాటి నుంచి అది బీరువా పైనే. నా బీరువా పైనా నాలుగున్నాయి. గుడిపని మందగించిన రోజుల్లో పెంబర్తికి అన్నం పెట్టింది ఈ జ్ఞాపికలేనని ఒప్పుకోవాలి, వెక్కిరించడం సులువు గాని. పాన్‌దాన్ చేసిన పనే మరో కాలంలో షీల్డు చేసింది. కానీ పాన్‌దాన్ కొన్న నవాబు దాన్ని రోజూ చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాడు. షీల్డు ఇచ్చేవాడూ చూడడు, పుచ్చుకునేవాడూ చూడడు. వెనక చెక్క బిగించి ఉంటుంది కనుక వీపు చూసే వీలే లేదు. వీపు చూడనిచోట మరకూ చేతికీ తేడా ఎవరికీ పట్టదు. ఏడాది పొడుగునా ఒకే తోరణం కొట్టే కుర్రాడి చేతికి కీర్తిముఖం ముక్కు లేపడం ఎప్పుడొస్తుంది?

పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పోటీలో దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌తో పాటు ఈ ఊరూ నిలిచింది. మంచిదే. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, వేరే ఊరి సరుకు మీద పెంబర్తి అని రాయకుండా ఆపుతుంది. పేరు రాయకుండా అదే తోరణాన్ని అచ్చులో నొక్కి సగం ధరకు అమ్మేవాణ్ని అది ఆపలేదు. పంజాబులో జండియాలా గురు అనే ఊరుంది. అక్కడి ఠఠేరాలు చేతితో కొట్టి చేసే ఇత్తడి, రాగి పాత్రల విద్యను యునెస్కో 2014లో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ గుర్తింపు దక్కింది పాత్రకు కాదు, కొట్టే విద్యకు. ఈ తేడా గట్టిగా పట్టుకోదగ్గది.

ఇక్కడి నుంచి రాతి దగ్గరికి పోవాలి, ఎందుకంటే వారసత్వం అనగానే మన శాఖలన్నీ పోయేది అక్కడికే.

భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లున్నాయి. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి గణపేశ్వరాలయం, చుట్టూ చిన్నా పెద్దా గుళ్ల గుంపు. స్తంభాల పైన చూరుకు ఊతంగా నిలిచిన మదనికలనే స్త్రీమూర్తులు, ఏనుగు మీదెక్కిన సింహపు రూపాలు. కొన్ని గుళ్లు ఒరిగాయి, కొన్ని పడ్డాయి. అక్కడికి దగ్గర్లోనే పాలంపేట రామప్ప. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లిన గుడి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. పునాది కింద ఇసుక పెట్టె, శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుక, ఎర్రటి ఇసుకరాతి గోడల మధ్య నల్లరాతి మదనికలు. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒకే కాలం, ఒకే రాజ్యం, దాదాపు ఒకే చేయి. ఒకదానికి యునెస్కో పటం, బస్సులు, సెల్ఫీలు వచ్చాయి. మరోదానికి అందులో పదోవంతు చూపు కూడా దక్కలేదు.

పురావస్తు శాఖ నీతి గుడిపెద్దల నీతికి నేరుగా ఎదురు. అరిగినదాన్ని అరిగినట్టే నిలపాలి, కొత్త చేయి పడకూడదు. 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడానికి నూరు మీటర్లలోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన మరో రెండొందల మీటర్లు అనుమతితోనే. రామప్పకు ఇది అవసరమే. ఎనిమిది శతాబ్దాల మదనిక ముక్కును ఎవరో అందంగా దిద్దుతానంటే నేనైనా అడ్డుపడతాను. కానీ అలా కాపాడిన రాయి తన చుట్టూ ఉన్నవాళ్లకు ఏ పని ఇస్తోంది? టీ, జామకాయలు, పార్కింగ్ చీటీ. ఆ గుడి పక్కన కూర్చుని చేయాల్సిన పనేదీ ఊరివాళ్ల చేతిలో లేదు. రామప్ప ఆవరణలోనే కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడం కోసం విప్పి, రాళ్లకు అంకెలు వేసి పెట్టారు. ఆ అంకెల రాళ్లు ఏళ్ల తరబడి అలాగే పడి ఉండిపోయాయి.

రామప్ప రాతి నుంచి పని పుట్టించిన మనిషి ఒకాయన ఉండేవాడు, నటరాజ రామకృష్ణ. ఆ గోడల మీది భంగిమలనూ, జాయప సేనాని నృత్తరత్నావళినీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ నిలబెట్టాడు. గుడి రాయి ఒక్కటి కదల్లేదు, కానీ దాన్ని చూసి నేర్చుకుని, కాలికి గజ్జె కట్టి బతికేవాళ్లు పుట్టారు. నాకు కనిపించినంతలో రామప్ప మీద వచ్చిన ఆదాయాల్లో అన్నిటికంటే నిఖార్సయినది అదే.

ఇత్తడిలోనూ అది చేయవచ్చు. రామప్పలో ఒక మదనిక ముందు పెంబర్తి పనివాడు పదిరోజులు కూర్చుని కాగితం మీద గీయాలి. గీయాలంటే చూడాలి. మెడ ఏ వైపు ఎంత వాలింది, మేఖల ఎన్ని పేటలు, చెప్పు ఎత్తు ఎంత. అంత శ్రద్ధగా గీసిన కాగితం పురావస్తు శాఖకు ఒక రికార్డు, పనివాడికి ఒక నమూనా. కోటగుళ్ల ఏనుగులకూ అంతే, పైగా వాటికి ఇంకా తొందర, రాయి ఆగుతుందన్న భరోసా లేదు కనుక. ఆ కాగితం నుంచి కొట్టిన రేకు కిలో లెక్కన కాక దెబ్బల లెక్కన అమ్ముడైతే, వెనక చెక్క బిగించకుండా వీపు తెరిచి ఇస్తే, కొన్నవాడు ఒక్కసారైనా తిప్పి చూస్తాడు. గుళ్ల టెండర్లలో బరువుతో పాటు వీపు కూడా తనిఖీ చేసే ఒక ముసలి ఇత్తడి పనివాణ్ని కూర్చోబెడితే సగం చీడ పోతుంది. దీనికి పెద్ద నిధులేవీ అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు.

గుడి తాపడానికి మాత్రం ఆ వీపు కనిపించే భాగ్యం ఒక్కరోజే. పలకను తలుపు మీదికి ఎత్తి, పువ్వుల నడిబొడ్డుల్లో మొలలు దిగేసరికి గుంటలన్నీ కొయ్యకు ఆనుకుపోతాయి. భక్తులు పసుపు పూసేది ముందువైపే. ఏ నలభై ఏళ్లకో రేకు అరిగి, మొలలు పీకి, పలకను దించుతారు. దించినవాడు దాన్ని నేలమీద బోర్లించి, దుమ్ము ఊది, వేళ్లతో తడుముతాడు. తాను ఎక్కడ కొట్టేవాడో, పాతచేయి ఎక్కడ కొట్టిందో చూసుకుంటాడు. తర్వాత కుంపటి రాజేస్తాడు.